ఆకుపచ్చకి బెంగ, తెలుపుకి ధీమా

ఆమదాలవలసలో పుట్టింటికి పురిటికొచ్చిన మా మేనకోడలు ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అత్తా, బాబు పచ్చగా వెళ్ళాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది" అంది. "పచ్చ అంటే పసుపా, ఆకుపచ్చా?" అని అడిగాను. మనకి పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. తల్లి కళ్ళతో చూసిన రంగు ఫోన్లో అవతలివాళ్ళ చెవికి చేరేసరికి ఇంకో రంగైపోతుంది. వెనక నుంచి మా అమ్మ గొంతు వినిపిస్తోంది, "దిష్టి తగిలేసిందే, ఉప్పు తిప్పి పడేయండి" అని. దాని వెనకే ఇంకో మాట, "పత్తెం సరిగ్గా చెయ్యమంటే వింటేనా" అని. మూడు వారాల బాలింత. ఆ రాత్రి తప్పంతా తనదేనన్నట్టు ఏడుస్తోంది.

ఫొటో పంపమన్నాను. పెసరపప్పు పొట్టు కలిపినట్టు ఆకుపచ్చగా ఉంది. బాబు పాలు బాగా తాగుతున్నాడు, రోజుకి ఏడెనిమిది సార్లు ఉచ్చ పోస్తున్నాడు, జ్వరం లేదు, బరువు పెరుగుతున్నాడు. పడుకోమని చెప్పాను.

అదే నెలలో మా వీధి చివరింట్లో ఇంకో పసివాడు. రెండో నెల నడుస్తోంది. కళ్ళలో పసుపు ఛాయ ఇంకా పోలేదు. దొడ్డికి వెళ్తే సున్నం కలిపిన పిండి ముద్దలా తెల్లగా వస్తోంది. ఆ ఇంట్లో మాత్రం ఎవరికీ బెంగ లేదు. "పాలే కదమ్మా తాగుతున్నాడు, తెల్లగా కాక ఎలా వస్తుంది?" అన్నారు. చూపించిన ఒక చోట పొద్దుటెండలో పడుకోబెట్టమన్నారట, అదే చేస్తున్నారు. నాకు ఆ సంగతి తెలిసేసరికి బాబుకి 50 రోజులు దాటాయి.

ఈ రెండిళ్ళ మధ్య ఉన్న తేడా గురించే ఇదంతా రాస్తున్నాను. మన ఇళ్ళలో పసిపిల్లల మలం రంగు చూసి గాభరా పడని తల్లి ఉండదు. అయితే మన భయం చాలాసార్లు తప్పు రంగు మీదకి వెళ్తోంది. ఆకుపచ్చని చూసి రాత్రంతా నిద్ర మానేస్తాం. తెలుపుని చూసి పాలేలే అనుకుంటాం.

అసలు మలానికి రంగు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మోచేతికి గట్టిగా దెబ్బ తగిలిన చోటుని గుర్తు చేసుకోండి. మొదట కమిలి నల్లగా, ఎర్రగా ఉంటుంది. కొన్ని రోజులకి ఆకుపచ్చ తిరుగుతుంది, తర్వాత పసుపు, ఆపైన మాయమైపోతుంది. చర్మం కింద చేరిన రక్తంలోని ఎర్రరంగు విరిగి ముందు బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థంగా, తర్వాత బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారడం వల్లే అన్ని రంగులు. ఇదే పని దెబ్బ లేకుండా మన ఒంట్లో రోజూ జరుగుతూనే ఉంటుంది. పెద్దవాళ్ళలో ఒక ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, పుట్టిన పిల్లల్లో ఇంకా తక్కువ. పాతబడిన కణాలు విరిగి బిలిరుబిన్ తయారవుతుంది. దాన్ని కాలేయం పట్టుకుని పైత్యరసంలో కలిపి, సన్నని గొట్టాల గుండా పేగులోకి వదులుతుంది. పేగులో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మార్చి మార్చి చివరికి గోధుమరంగు చేస్తాయి. పెద్దవాళ్ళ మలం రంగు అదే. పసిపిల్లల పేగులో ఆ సూక్ష్మజీవులు ఇంకా సరిగ్గా స్థిరపడలేదు కాబట్టి రంగు పసుపు దగ్గరే, ఒక్కోసారి ఆకుపచ్చ దగ్గరే ఆగిపోతుంది.

అంటే పసుపు, ఆకుపచ్చ, గోధుమ, ఈ మూడూ ఒకే పైత్యరసం వేసుకునే మూడు వేషాలు. మన పెద్దలు పసుపునీ ఆకుపచ్చనీ కలిపి పచ్చ అన్నారు, ఈ ఒక్క విషయంలో అది అక్షరాలా సరిపోతుంది. రంగు ఉందంటే కాలేయం నుంచి పేగుకి దారి తెరిచి ఉందని లెక్క. రంగే లేదంటే ఆ దారి మూసుకుపోయి ఉండొచ్చు.

పుట్టిన బిడ్డ మొదటి మలం తారులా నల్లగా, ఆకుపచ్చ జీరతో, జిగటగా ఉంటుంది. కడుపులో ఉండగా మింగిన ఉమ్మనీరు, రాలిన కణాలు, పైత్యరసం అన్నీ కలిసింది అది. చాలామంది పిల్లలకి 24 గంటల్లోపే వచ్చేస్తుంది. 48 గంటలు దాటినా రాలేదంటే, దానికి తోడు పొట్ట ఉబ్బుతోందంటే డాక్టరు చూడాలి. పేగు చివరి భాగంలో నరాలు లేకుండా పుట్టే జబ్బు ఒకటుంది, దాన్ని ఇలాగే కనిపెడతారు. ఆ నల్లమలం పోవాలని పుట్టిన మర్నాడే ఆముదం నాకించడం కొన్ని ఊళ్ళలో ఇంకా వింటున్నాను. దయచేసి వద్దు. ముర్రుపాలే ఆ పని చేస్తాయి. మూడో రోజు నుంచి రంగు ఆకుపచ్చకి, అయిదో రోజు వచ్చేసరికి పసుపుకి తిరగాలి. తల్లిపాలు తాగే బిడ్డకి ఆవపిండి నీళ్ళలో కలిపినట్టు, మధ్యలో తెల్లటి పలుకులతో పలచగా వస్తుంది. ఆ పలుకులు విరిగిన పాలు, భయం లేదు. రోజుకి ఎనిమిదిసార్లు వెళ్ళినా అది విరేచనాలు కాదు. నెలా పదిహేను రోజులు దాటాక అయిదారు రోజులకోసారి వెళ్ళి, మెత్తగానే వస్తూ, హాయిగా ఆడుకుంటుంటే అది మలబద్ధకమూ కాదు.

ఇక ఆకుపచ్చ. పైత్యరసం పేగులోంచి తొందరగా బయటికి వచ్చేస్తే రంగు పూర్తిగా మారే తీరిక దొరకదు, ఆకుపచ్చగానే వచ్చేస్తుంది. జలుబు చేసినప్పుడు, కాస్త విరేచనం పట్టినప్పుడు కనిపించేది ఇదే. డబ్బాపాలలో కలిపే ఐరన్ వల్ల కూడా వస్తుంది. ఆరు నెలలు నిండి తోటకూర, బచ్చలికూర పప్పు తినే పిల్లలకైతే చెప్పే పనే లేదు. పళ్ళొచ్చేటప్పుడు పచ్చగా వెళ్తారని మన వాళ్ళు పళ్ళ మీద వేసే నేరం చాలావరకు ఈ చిన్నచిన్న ఇన్ఫెక్షన్లది. పాకే పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ, పళ్ళొచ్చే వయసూ ఒకటే కదా. ఆకుపచ్చతో పాటు నీళ్ళలా ఎక్కువసార్లు వెళ్తుంటే మాత్రం రంగుని మర్చిపోయి నీళ్ళ సంగతి చూడాలి. దానికి మళ్ళీ వస్తాను.

బాలింత తిన్నదాని మీద నెపం పెట్టడం గురించి ఒక్క మాట చెప్పాలి. మన వైపు పురిట్లో కూరగాయలు మానిపించి, కారప్పొడీ అన్నంతో రోజులు గడిపించేస్తారు. అయినా బిడ్డ ఆకుపచ్చగా వెళ్ళిందంటే ఆ పిల్ల ఏదో దొంగతనంగా తిన్నదనే చూపు. పసివాడి పేగు వేగం ఎక్కడ, ఆమె తిన్న వంకాయ ముక్క ఎక్కడ! ఆమె కడుపునిండా తినాలి, అన్నీ తినాలి. నాకు కోపం వచ్చే విషయం ఇదొక్కటే.

ఆకుపచ్చలో నిజంగా పరిగెత్తాల్సిందొకటి ఉంది, అది మలంలో కాదు, వాంతిలో. పాలు కక్కడం మామూలే. నెలల పిల్లాడు పసరు కక్కుకున్నాడంటే, అంటే ఆకుపచ్చ వాంతి అయ్యిందంటే, పేగు మెలిపడి ఉండొచ్చు. అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు. మలంలో పసరు రంగు సరే, వాంతిలో పసరు రంగు 108కి ఫోన్ చేసే రంగు.

నలుపు సంగతికొస్తే, మన దగ్గర దీనికి కారణం ఎక్కువగా ఆశా కార్యకర్త ఇచ్చిన సీసాలోనే ఉంటుంది. 6 నెలల నుంచి 5 ఏళ్ళ పిల్లలకి వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్ వెయ్యాలని ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఒక మి.లీ.లో 20 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము పేగులో మార్పు చెంది మలాన్ని నల్లగానో, ముదురు ఆకుపచ్చగానో చేస్తుంది. మందు లోపలికి వెళ్ళిందనడానికి గుర్తు అంతే. మొదటిసారి నలుపు చూసి భయపడి ఆ సీసాని బీరువా పైన పెట్టేసిన ఇళ్ళు నాకు తెలుసు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆ వయసు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది, మన ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతానికి. అలాంటి చోట నలుపు చూసి సీసా మూసేయడం అంటే ఉన్న జబ్బుని వదిలేసి లేని జబ్బుకి మందు మానేయడం. సిరప్ ఇచ్చేటప్పుడే "రెండ్రోజులు నల్లగా వెళ్తాడు, కంగారు పడకండి" అని చెప్పేస్తే ఈ గొడవే ఉండదు.

చోడి, అంటే రాగి, అంబలి తాగే పిల్లలకి మలం ముదురు గోధుమగా వస్తుంది. నేరేడు పళ్ళ కాలంలో నలుపు, ఊదా రంగులు వస్తాయి. అరటిపండు పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో మలంలో సన్నటి నల్లదారాలు కనిపిస్తాయి, పురుగులనుకుని హడలిపోతారు. అవి అరటిపండు పీచులే. నులిపురుగులైతే తెల్లగా ఉంటాయి, కదులుతాయి.

మరి భయపడాల్సిన నలుపు ఏది? రోడ్డు వేసే తారులా మెరుస్తూ, అంటుకుపోతూ, మామూలు కంటే వేరేగా ఘాటు వాసన కొట్టేది. పొట్టలోనో పేగు పైభాగంలోనో కారిన రక్తం జీర్ణమై కిందకి వచ్చేసరికి ఆ రూపం తీసుకుంటుంది. ముక్కునుంచి రక్తం కారి పిల్లాడు మింగేసినా అలా రావచ్చు. నొప్పి మందులు ఎక్కువ వాడినా, కాలేయపు రక్తనాళాల్లో ఇబ్బంది ఉన్నా రావచ్చు. ఐరన్ వెయ్యకుండా, నల్లటిదేదీ తినకుండా తారులా వెళ్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లాడు పాలిపోయి నీరసంగా ఉంటే ఆ గంటే వెళ్ళాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఐరన్ బిళ్ళలు ఎక్కడున్నాయో కూడా ఒకసారి చూసుకోండి. రంగురంగుల బిళ్ళలు చాక్లెట్లనుకుని గుప్పెడు మింగేస్తే అది విషం. వాంతులు, రక్త విరేచనాలతో మొదలై ప్రాణం మీదకి వస్తుంది. సీసాలో 1 మి.లీ. మేలు చేసే ఇనుమే గుప్పెడైతే చంపేస్తుంది.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మర్నాడు ఎంతమంది తల్లులు ఎరుపు చూసి గుండె పట్టుకుంటారో. గులాబీ రంగు పీచు మిఠాయి, రంగు ఐసు, ఎర్ర జెల్లీలు, ఆ రంగులన్నీ అరగకుండా బయటికొస్తాయి. బీట్‌రూట్ పెడితే మలమూ ఉచ్చా రెండూ ఎర్రబడొచ్చు. ఇప్పుడు తోపుడు బళ్ళ మీద దొరుకుతున్న ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ కూడా అంతే. క్షయకి వాడే రిఫాంపిసిన్ అనే మందు వల్ల ఉచ్చ నారింజ ఎరుపుగా వస్తుంది, మలమూ మారొచ్చు. అందుకే ఎరుపు చూడగానే నిన్నా మొన్నా ఏం తిన్నాడు, ఏ మందు వేశాం అని వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోవాలి.

నిజంగా రక్తమే అయితే అది ఎక్కడుందన్నది ముఖ్యం. గట్టి ముద్ద మీద పైపైన ఎర్రటి గీతలా ఉండి, వెళ్ళేటప్పుడు పిల్లాడు ఏడుస్తుంటే, మలద్వారం దగ్గర చర్మం చీరుకుపోయిందని అనుకోవచ్చు. రోజంతా పాలూ బిస్కెట్లూ తప్ప ఇంకేమీ తినని పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. నీళ్ళు, పళ్ళు, కూరలు పెంచి, పాలు తగ్గించి, డాక్టరు ఇచ్చిన మెత్తబరిచే మందు వాడితే మానుతుంది. మూడు నాలుగు నెలల బిడ్డ, చూడడానికి బాగానే ఉంటూ, జిగటలో కలిసిన రక్తపు చారలు వస్తుంటే ఆవుపాల ప్రోటీను పడకపోవడం ఒక కారణం. తల్లి చనుమొన చిట్లితే ఆ రక్తం మింగిన బిడ్డకీ రావచ్చు, అది బిడ్డ రక్తమే కాదు. జ్వరంతో, కడుపునొప్పితో, కొంచెం కొంచెంగా జిగటా రక్తమూ కలిసి పదేపదే వెళ్తే అది రక్త విరేచనాలు, బ్యాక్టీరియా వల్ల వచ్చేది. దానికి డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కావాలి. విరేచనాలు టక్కున ఆపే బిళ్ళ ఎవరిస్తానన్నా పిల్లలకి వెయ్యొద్దు. నొప్పీ గిప్పీ లేకుండా ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతే, పుట్టుకతో పేగుకి ఉండే చిన్న తిత్తి నుంచి కావచ్చు. కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా వెంటనే తీసుకెళ్ళాలి.

ఎరుపులో అన్నిటికంటే తొందరపెట్టేది ఇంకొకటి. చొక్కా విప్పేటప్పుడు చెయ్యి లోపలికి మడతపడి ఇరుక్కుంటుంది చూడండి, అలా పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోతుంది. దీన్ని ఇంటస్ససెప్షన్ అంటారు. 3 నెలల నుంచి 3 ఏళ్ళ లోపు పిల్లల్లో, ముఖ్యంగా ఏడాది లోపు వాళ్ళలో వస్తుంది. అప్పటిదాకా ఆడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి కాళ్ళు పొట్టకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. రెండు నిమిషాలకి తగ్గిపోతుంది, పాలిపోయి సొమ్మసిల్లినట్టు పడుకుంటుంది. పావుగంటకో ఇరవై నిమిషాలకో మళ్ళీ అదే ఏడుపు. మధ్యలో వాంతులు. ఆ తర్వాత ఎప్పుడో నేరేడు జామ్‌లాంటి ముదురెరుపు జిగట మలం వస్తుంది. పుస్తకాల్లో ఈ ఎరుపునే గుర్తుగా రాస్తారు కానీ అది ఆలస్యంగా వచ్చే గుర్తు. అలలు అలలుగా వచ్చే ఏడుపు చూసినప్పుడే బయల్దేరాలి. తొందరగా వెళ్తే కత్తి పెట్టకుండానే, కింద నుంచి గాలిగానీ సెలైన్‌గానీ ఒత్తిడితో పంపి పేగుని వెనక్కి తెస్తారు. ఆలస్యమైతే పేగు చచ్చుబడి ఆపరేషన్ తప్పదు. ఏడుపు మధ్యలో పిల్ల నెమ్మదిస్తోంది కదా అని గ్రైప్ వాటర్ పట్టి ఇంట్లో ఉంచేసుకోవడమే ఇందులో జరిగే పెద్ద పొరపాటు.

ఇప్పుడు తెలుపు. మా వీధి చివరింటి బాబు దగ్గరికి.

పాలు తెల్లగా ఉంటాయి కాబట్టి మలం తెల్లగా వస్తుందన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. అందుకే అది ప్రమాదం. పాలు తాగే ప్రతి బిడ్డకీ పసుపో ఆకుపచ్చో, రంగున్న మలమే రావాలి, ఎందుకంటే రంగు పాలది కాదు, పైత్యరసానిది. పాల రంగే మలానికి వస్తోందంటే దాన్ని మార్చాల్సింది పేగులోకి రావడం లేదన్నమాట.

పుట్టిన పిల్లల్లో సగం మందికి పైగా కొద్దిగా కామెర్లు వస్తాయి. మూడు నుంచి అయిదో రోజుకి ఎక్కువై, నెలలు నిండి పుట్టిన బిడ్డకి రెండు వారాల్లో పోతాయి. ఆ రోజుల్లో మలం పసుపుగానే ఉంటుంది. రెండు వారాలు దాటినా కళ్ళు పచ్చగానే ఉంటే, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే మూడు వారాలు దాటితే, ఒక రక్తపరీక్ష చెయ్యాలి. మొత్తం బిలిరుబిన్ ఎంతో చూస్తే చాలదు, అందులో డైరెక్ట్ బిలిరుబిన్ ఎంతో వేరుగా చెప్పమనాలి. కాలేయం తన పని తాను చేసినా, బయటికి దారి లేక వెనక్కి తన్నే భాగం అది. అది ఎక్కువుంటే పొద్దుటెండ పనిచెయ్యదు. నెలల తరబడి ఎండలో పెట్టినా పనిచెయ్యదు.

అలా దారి మూసుకుపోయే జబ్బుల్లో ముఖ్యమైనది బైలియరీ అట్రీసియా. కాలేయం నుంచి పేగుకి పైత్యరసం తెచ్చే గొట్టాలు పుట్టిన కొత్తలోనే పూడుకుపోతాయి. అరుదైనదే, ప్రాంతాన్ని బట్టి 5 వేల నుంచి 20 వేల కాన్పులకి ఒక బిడ్డకి వస్తుంది. మోసం ఏమిటంటే బిడ్డ బాగానే ఉంటాడు. పాలు తాగుతాడు, నవ్వుతాడు, మొదట్లో బరువూ పెరుగుతాడు. మొదటి వారాల్లో మలానికి కొంత రంగు ఉండి, తర్వాత నెమ్మదిగా పాలిపోవచ్చు. లోపల మాత్రం దారి లేని పైత్యం కాలేయాన్నే తినేస్తుంటుంది. వైద్యం జరగకపోతే ఇలాంటి పిల్లల్లో చాలామందికి రెండేళ్ళు నిండడం కష్టం.

దీనికి జపాన్ సర్జన్ మోరియో కసాయి ఒక ఆపరేషన్ కనిపెట్టి 1959లో లోకానికి చెప్పారు. పూడిన గొట్టాలు తీసేసి పేగునే పైకి తెచ్చి కాలేయానికి కలుపుతారు. ఆసుపత్రిలో "కసాయి ఆపరేషన్" అనగానే మన తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. అది ఆ డాక్టరు ఇంటిపేరు మాత్రమే, ఆ పేరుతో ఎందరో పిల్లలు బతికారు. ఆ ఆపరేషన్‌కి గడువుంది. బిడ్డకి 60 రోజులు నిండక ముందు చేస్తే ఫలితం బాగుంటుంది. రోజులు గడిచేకొద్దీ కాలేయం గట్టిపడిపోతుంది, ఇక మిగిలేది కాలేయ మార్పిడే. ఆపరేషన్ సరిగ్గా జరిగినవాళ్ళలో కూడా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు మార్పిడి అవసరం పడుతుంది, ఆ మాటా తెలిసి ఉండాలి.

60 రోజులన్నది మన వైపు ఎంత చిన్న గడువో ఆలోచించండి. పురుడు, మైల, బారసాల, పుట్టింట్లో మూడో నెల వరకూ ఉండడం, మంచిరోజు చూసి బయటికి తీసుకెళ్ళడం. కళ్ళు పచ్చగా ఉంటే ఫలానా ఊళ్ళో పసరు పోస్తారట, ఆదివారం వెళ్దాం అనుకోవడం. ఒక ఆదివారం కుదరకపోతే ఇంకో ఆదివారం. పసరు పూడిన గొట్టాన్ని తెరవదు. దానికోసం పోగొట్టుకున్న ప్రతి వారం ఆ 60 రోజుల్లోంచే పోతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోని పిల్లల సర్జరీ విభాగానికి వంద కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం నుంచైతే అంతకు రెట్టింపు. దూరం మనం తగ్గించలేం, ఆలస్యం తగ్గించగలం.

తైవాన్‌లో 2004 నుంచి ప్రతి బిడ్డ తల్లికీ రంగులు ముద్రించిన ఒక కార్డు ఇస్తున్నారు, బిడ్డ మలాన్ని దానితో పోల్చి చూసుకోమని. ఆ చిన్న కార్డు వల్ల పిల్లలు సమయానికి ఆపరేషన్‌కి చేరడం పెరిగింది. మనకీ ఇలాంటిది ఇంటింటికీ అందాలి. అందేదాకా వంటింటి రంగులే కార్డు. ఆవపిండి, పసుపు, గుడ్డుసొన, పెసర, బెల్లం, ఈ రంగులు మంచివి. సున్నం, పెరుగు, గోధుమపిండి ముద్ద, ఆరిన బంకమట్టి, బూడిద, బాగా పాలిపోయిన నిమ్మపండు, ఈ రంగులు మంచివి కావు. దీనికి తోడు ఉచ్చ చూడాలి. పసిబిడ్డ ఉచ్చ నీళ్ళలా ఉండాలి, గుడ్డకి పసుపు మరక అంటించకూడదు. మలం తెల్లన, ఉచ్చ పచ్చన అయితే ఆ రోజే పరీక్షకి వెళ్ళాలి.

ఇక్కడే కంటిని మోసం చేసే సంగతులు రెండున్నాయి. ముదురు పసుపు ఉచ్చ తడిసి తెల్లటి మలం పైన పసుపుగా కనిపిస్తుంది. పుల్లతో విరిచి లోపలి రంగు చూడాలి. రెండోది మన నలుగు. పసుపు కలిపిన నలుగు పెట్టి, పొత్తిగుడ్డల్లో చుట్టిన బిడ్డకి కామెర్లు ఉన్నాయో లేవో చర్మం మీద ఎవరూ చెప్పలేరు, గుడ్డ మీద మరక దేనిదో కూడా తెలీదు. కళ్ళ తెలుపే చూడాలి.

ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు అయిన బిడ్డని 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. ఆరుసార్లు. అన్నీ ఆ 60 రోజుల లోపలే. బరువు తూచి, జ్వరం చూసి వెళ్ళేముందు 14వ రోజు నుంచీ ఒక్క ప్రశ్న కలపాలి, "మలం గుడ్డ ఉందా, చూపించండి" అని. ఆవిడ అడగకపోతే మనమే చూపించాలి. సిగ్గుపడే విషయం కాదిది.

కాస్త పెద్ద పిల్లల్లో తెలుపుకి వేరే కారణాలుంటాయి. కలుషితమైన నీళ్ళూ తిండీ వల్ల వచ్చే కామెర్లలో కొన్ని రోజులు మలం పాలిపోయి, ఉచ్చ టీ డికాక్షన్‌లా వస్తుంది. చాలావరకు దానంతటదే తగ్గుతుంది కానీ డాక్టరు చూడాలి, నాటు మందులు కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. లేత రంగులో, నూనె కారుతున్నట్టు, నీళ్ళ మీద తేలుతూ, భరించలేని వాసనతో రోజుల తరబడి వెళ్తూ బరువు పెరగకపోతే, తిన్న కొవ్వు ఒంటికి పట్టడం లేదని అర్థం.

బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, చెంబులకొద్దీ వెళ్తే అది పూర్తిగా వేరే విషయం. అది కలరా కావచ్చు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలి ప్రాణాలు పోవడం మనమెవరం మర్చిపోలేదు. అక్కడ చంపేది రంగూ కాదు, క్రిమీ కాదు, ఒంట్లోంచి పోయే నీరు. ఆకుపచ్చ నీళ్ళ విరేచనాలైనా, తెల్లవైనా, పసుపువైనా ఇదొక్కటే సూత్రం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం వద్దు, 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ళ లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. చెంచాతో నెమ్మదిగా పట్టాలి. దానితో జింక్ బిళ్ళ, 6 నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మి.గ్రా., అంతకంటే చిన్నవాళ్ళకి 10, విరేచనాలు ఆగినా సరే 14 రోజులు. తల్లిపాలు మానకూడదు. అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటివాటి మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మాడు గుంటపడినా, కళ్ళు లోపలికి పోయినా, ఏడుస్తుంటే కన్నీళ్ళు రాకపోయినా, ఆరేడు గంటలు ఉచ్చ పొయ్యకపోయినా ఇంట్లో ఉంచొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు "పచ్చగా వెళ్తున్నాడు" అని చెప్పి ఊరుకోకండి. వీలైతే ఆ డయాపర్‌నే కవర్లో కట్టి తీసుకెళ్ళండి. లేదా ఫొటో తీయండి, పగటి వెలుతురులో, ఫిల్టర్లు లేకుండా. పసుపు బల్బు కింద తెల్లది కూడా పసుపుగా పడుతుంది. రెండు రోజుల్లో తిన్నవీ, వేసిన మందులూ, బిడ్డ పుట్టి ఎన్ని రోజులైందీ ఒక కాయితం మీద రాసుకోండి.

మా వీధి చివరింటి బాబుని ఆ వారమే విశాఖ తీసుకెళ్ళారు. స్కానింగు, రక్తపరీక్షలు, తర్వాత ఆపరేషన్. ఆ రోజుల్లో వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యాలంటేనే నాకు భయం వేసేది. రెండు వారాలు దాటాక ఆమే ఒక ఫొటో పంపింది, కింద ఒక్క మాటా రాయలేదు. కిటికీ పక్కన, పొద్దుటి వెలుతురులో, తెల్లటి గుడ్డ మీద ఆవపిండి రంగు మరక.